నాడి 72 ఉండి తీరాలా?

సంపాదకుల వారికి,

మీ పేపర్లో బీపీ, షుగర్ గురించి తరచూ వస్తుంది గానీ నాడి గురించి మాత్రం ఎప్పుడో ఒకసారి, అదీ ‘నిమిషానికి 72’ అని ఒక్క ముక్కతో సరి. ఆ 72 పట్టుకుని మా తిరుపతిలో జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో చూడండి, రెండు రౌండ్లు తిరిగి బెంచీ మీద కూలబడగానే చేతికున్న స్మార్ట్ వాచీలో నాడి చూసుకోవడం, 110 ఉందని బెంబేలెత్తడం. నడిచొచ్చిన గుండె వేగంగా కొట్టుకోక ఏం చేస్తుంది? అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం దగ్గర చూసుకుంటే ఇంకా ఎక్కువే ఉంటుంది. కాఫీ తాగకముందు, ఓ ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని చూసుకున్నదే లెక్క. అలా చూస్తే పెద్దవాళ్లకి 60 నుంచి 100 లోపు ఎంతున్నా మామూలే, రోజూ పరుగెత్తే కుర్రాళ్లకి 50 కూడా ఉండొచ్చు. మా పక్కింటి పెద్దాయనకి 54 ఉంటుంది, అది ఆయన వేసుకునే అటెనొలాల్ అనే గుండె వేగం తగ్గించే మాత్ర పని, డాక్టరుకీ తెలుసు. ఎవరో ఏదో అన్నారని వాళ్లమ్మాయి ఆ మాత్ర మాన్పించబోయింది! అలాంటి మాత్రలు ఉన్నట్టుండి ఆపితేనే అసలు ప్రమాదం.

ఇక కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ సంగతి. అందులో అంకెలు రెండు కనిపిస్తాయి, ఒకటి ఆక్సిజన్, ఇంకోటి నాడి. నాడి 76 చూసి ఆక్సిజన్ పడిపోయిందని ఏడ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. జ్వరం లేదు, కంగారు లేదు, అయినా ఊరికే కూర్చున్నప్పుడు కూడా రోజుల తరబడి 100 దాటుతోందంటే రక్తహీనతో థైరాయిడో ఉందేమో చూపించుకోవాలి. 60 కంటే తగ్గి, దాంతోపాటు కళ్లు తిరగడం, నీరసం ఉన్నా అంతే. అన్నిటికంటే దొంగది లయ తప్పడం. అంకె చూస్తే 80, బాగానే ఉన్నట్టుంటుంది, వేళ్లు పెట్టి చూస్తే మాత్రం రెండు గబగబా కొట్టి ఒకటి ఆగి మళ్లీ ఎటో పోతుంది. కొందరిలో దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరి పక్షవాతం వస్తుంది. అందుకే వాచీ ఉన్నా సరే, బొటనవేలి కింద మణికట్టు దగ్గర చూపుడువేలు, మధ్యవేలు ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టుకోవాలి. బొటనవేలితో చూడకూడదు, దానికీ సొంత నాడి ఉంటుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే మాత్రం లెక్కలతో పని లేదు, 108కి ఫోన్ చేయడమే.

ఆ వేళ్లు పెట్టే తీరు ఒక బొమ్మ వేసి మీ పేపర్లో ఇవ్వండి. పిల్లల లెక్క విడిగా వేయండి, చంటిబిడ్డకి 130 ఉన్నా మామూలే అని తెలియక హడలిపోయే తల్లులు చాలామంది ఉన్నారు.

– ఒక పాఠకురాలు, తిరుపతి