శభాష్ ఎవరితో అనాలి?

సంపాదకునికి,

పత్రికల శీర్షికల్లో ‘శభాష్’ అనే మాట తరచుగా కనిపిస్తోంది. నాకు చాలా ఇష్టమైన మాట అది. అందుకే ఈ ఉత్తరం.

ఇది పారసీకం నుంచి వచ్చింది. ‘షాద్’ అంటే సంతోషం, ‘బాష్’ అంటే ఉండు. ‘సంతోషంగా ఉండు’ అన్న దీవెనే మెప్పుగా మారింది. తెలుగువాళ్లు ‘సెబాసు’ అని కూడా పలికారు. మూలంలో దీవెన ఉన్నందుకేనేమో, మన వాడుకలో ఇది పెద్దవాళ్లు చిన్నవాళ్లతో, గురువు శిష్యుడితో అనే మాటగా నిలిచింది. భుజం తట్టే చెయ్యి ఆ మాటలోనే ఉంది. అందుకే 70 ఏళ్ల శాస్త్రవేత్తకు పురస్కారం వస్తే ‘శభాష్’ అని శీర్షిక పెట్టడం చూసి మనసు చివుక్కుమంటుంది. అక్కడ ‘జోహారు’ సరిపోయేది. కానీ దాన్ని ఇప్పుడు ఎక్కువగా చనిపోయినవారికే వాడుతున్నాం. పోనీ, ‘అభినందనలు’ ఉంది కదా!

‘భళా’ సంగతి వేరు. పద్యం బాగుంటే వయసుతో పనిలేకుండా ఎవరైనా అనవచ్చు.

పిల్లలతో మాత్రం అన్నిటికీ ‘సూపర్’ అనేస్తున్నాం. బొమ్మ వేసినా సూపరే, అన్నం తిన్నా సూపరే. నేను పాఠాలు చెబుతాను. చాలాసార్లు తప్పి, చివరికి లెక్క సరిగ్గా చేసిన ఒక అబ్బాయితో ‘శభాష్ రా!’ అన్నాను. సూపర్ అంటే ఎప్పుడూ తలెత్తనివాడు, ఆ రోజు తలెత్తి నా వైపు చూశాడు.

మీ పిల్లల పేజీలోనైనా ఈ మాటకు చోటివ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు