హరిశ్చంద్రుని వేషం కట్టే కొడుకుకు

నల్లగొండ

బిడ్డా,

జాతరకు మన ఊర్ల ఆడే ‘సత్య హరిశ్చంద్ర’ నాటకంల హరిశ్చంద్రుని వేషం నీకే ఇచ్చిన్రని తెలిసి మీ అమ్మ, నేను మస్తు సంతోషపడ్డం. పద్యాలు నీకు నోటికి వస్తయి, వాటి రంది నాకు లేదు. నా రందంత వేషం గురించే. హరిశ్చంద్రుడంటే అబద్ధమాడనోడు, అంతే గదా అని స్టేజీ ఎక్కితే దండం పెట్టే బొమ్మ అయితడు, మనిషి గాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం పుస్తకంల పద్యాలు పక్కకు పెట్టి వచనం ఒక్కటే ఒకసారి చదువు. ఆయన సత్యానికి ధర ఎవరు కడుతున్నరో సీనుసీనుకు కనబడతది.

మొదలు మాట ఇచ్చుడు సంగతి. ఏనుగు మీద నిలబడ్డ బలశాలి రువ్విన రత్నం ఎంత ఎత్తు పోతే అంత ఎత్తు ధనం కావాలన్నడు విశ్వామిత్రుడు. ఈయన సరేనన్నడు. అది ఎవరి సొమ్ము, ఎక్కడి నుంచి తేవాలె అన్న ఆలోచన ఒక్క క్షణం లేదు. దానగుణమే, కాదన. అండ్ల గొప్ప గూడ కొంత కలిసున్నది. ఆ మాట బరువుగ చెప్తే రాబోయే కష్టం ముందే తెల్సినోని లెక్కుంటది. చటుక్కున, నవ్వుకుంట చెప్పు.

తర్వాత అంటరాని కులమోళ్లని చూసే మాతంగ కన్యలొచ్చి తమను పెండ్లాడుమంటరు. రాజ్యమన్న ఇస్త గని పెండ్లాడ అంటడు. ఆ కాదనుట్ల కులం గూడ ఉన్నది. ఊర్లల్ల ఈ సీనును డాన్సు పెట్టి నవ్వులాటగ దాటేస్తరు, అట్ల కానియ్యకు. ఎందుకంటే కాటిసీన్ల కాటి యజమాని వీరబాహుని కొలువు చేసుకుంట కవి గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడేది గూడ ఇదే నోరు. అవి బలిజేపల్లి వారివి కావు, ఆడంగ ఆడంగ నాటకంల కలిసిపొయ్యినయి. అంటరానితనానికి ఇక్కడ తావు లేదని చెప్పే పద్యాన్ని మంది దిక్కు చెయ్యి చాపి ఉపన్యాసం లెక్క పాడకు. ఆ మాతంగ పిల్లలను పొమ్మన్న మనిషికి ఇప్పుడు తెలిసొస్తున్నది, ఆ తెలిసొచ్చుడు నీ మొఖంల కనబడాలె. రాగం కోసం హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారిది విను, ఆ ఆలాపన మాత్రం కాపీ కొట్టకు. దమ్ము చాలక చివరి పాదం మింగుతవు, అర్థమంత ఆ పాదంలనే ఉంటది. హార్మోనియం ఆయనకు ముందే చెప్పి శృతి ఒక మెట్టు దించుకో.

అన్నిటికంటె గట్టిది కాశీల అమ్మకం సీను. వరుస చూడు. విశ్వామిత్రుని బాకీ తీర్చనీకి ముందు ఆలి చంద్రమతిని, కొడుకు లోహితుణ్ణి బ్రాహ్మడు కాలకౌశికునికి అమ్మిండు, ఆ తర్వాతనే తనను వీరబాహునికి అమ్ముకున్నడు. ముందు తననే అమ్ముకోవచ్చు గదా? అమ్మమని చంద్రమతే అన్నది, నిజమే. లోహితుణ్ణి ఎవరన్న అడిగిన్రా? ఆమె ఆ మాట అన్నంక వెంటనే పద్యం ఎత్తుకోకు. హార్మోనియం ఆపించి మూడు నాలుగు ఊపిర్లు ఊకుండు. ఈయన కాదంటడేమోనని మంది ఎదురుచూస్తరు. ఆయన కాదనడు. వేషమంత ఆ కాదనకపోవుట్లనే ఉన్నది.

పిల్లగాని చెయ్యి నీ ఎడమచేతుల ఉండాలె, బాకీ వసూలుకు వెంటొచ్చిన విశ్వామిత్రుని శిష్యుడు నక్షత్రకుడు కుడిపక్క నిలబడాలె. సొమ్ము కుడిచేత తీసుకొని అదే చేత నక్షత్రకునికిచ్చి, అప్పుడు ఎడమచెయ్యి విడువు. ముందే విడిస్తే బేరం అయిపొయ్యిందనిపించి సీను చల్లబడతది. ఇక్కడ చప్పట్లు కొట్టి వన్స్‌మోర్ అంటరు. ఒప్పుకోకు. రెండోసారి పాడితే హరిశ్చంద్రుని సిగ్గు పోయి ఉత్త సంగీతం మిగుల్తది.

పాము కరిచి చచ్చిన లోహితుణ్ణి కాల్చనీకి చంద్రమతి తెస్తే, కాటికాడ సుంకం అడిగేటప్పుడు గొంతు గట్టిగనే ఉండాలె. పుస్తె చూసి తన భార్యేనని గుర్తుపట్టినంక గూడ సుంకం వదలడు, యజమాని సొమ్ము వదిలే హక్కు తనకు లేదంటడు. మాట సక్కగనే ఉన్నది. మరి ఆలిని అమ్మే హక్కు ఎవరిచ్చిన్రని కూసున్నోళ్లకు అనిపించాలె. నువ్వు బోరున ఏడిస్తే మందికి ఆ ప్రశ్నే రాదు, ఏడుపు ఆమెకు వదిలెయ్యి.

ఆఖర్ల రాజు ఆజ్ఞ మీద చంద్రమతిని నరకనీకి కత్తి ఎత్తినంక స్టేజీ పక్క వింగు దిక్కు చూడకు. దేవతలొస్తరని నీకు తెలుసు, హరిశ్చంద్రునికి తెల్వదు. అట్టకత్తి ఊగుతది, వాళ్లు స్టేజీ మీదికి వచ్చుడు ఆలస్యమైతే ఇంక ఘోరం. చెక్కకత్తి చేయించుకొని రెండు చేతుల పట్టు, కండ్లు ఆమె మెడ మీదనే పెట్టు. దేవతలు రాకపోతే ఆయన నరికేటోడే. ఆయన నిలకడను నేను మనసార మెచ్చుకుంట, గని ఈ సంగతి దాచిపెట్టి మెచ్చుకునుడు నాకు నచ్చది.

లోహితుడు వేసే పోరనికి అర్ధరాత్రి దాటితే నిద్రొస్తది. పాము కరిచే సీను దాక తెర వెనుక పండబెట్టి, మొఖం కడిగించి పంపున్రి. చంద్రమతి వేసే ఆమెతోటి కూసోని అమ్మకం సీను వచనం ఒక్కటే, పద్యాలు లేకుండ, రోజూ చెప్పుకోండ్రి. మాట కుదిరినంకనే హార్మోనియం పెట్టున్రి.

మీ నాయిన