'రెడ్ టెయిల్స్' చూశాక

ఒరేయ్ రవీ,

నిన్న నువ్వు ఫోన్‌లో సినిమా ఎలా ఉందని అడిగితే "ఏం బాగాలేదురా" అని పెట్టేశాను. ఆ ముక్కతో ఊరుకోబుద్ధి కావడం లేదు. 'రెడ్ టెయిల్స్' మీద నేనెంత ఆశ పెట్టుకున్నానో నీకు తెలుసుగా!

అమెరికా సైన్యంలో మొదటి నల్లజాతి ఫైటర్ పైలట్ల కథ అది. అలబామాలోని టస్కెగీలో ట్రైనింగ్ తీసుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నుంచి బాంబర్ విమానాలకు కాపలాగా ఎగిరినవాళ్ళు. విమానాల తోకలకు ఎర్ర రంగు వేసుకునేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ముఖ్య పాత్రలన్నీ నల్లవాళ్ళవే అయిన సినిమాకి డబ్బు పెట్టేది లేదని స్టూడియోలు అనేసరికి, 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ తన సొంత డబ్బు 5.8 కోట్ల డాలర్లు పెట్టి 2012లో విడుదల చేశాడు. ఆ పట్టుదలకి దండం పెడతాను. బాధంతా అందుకే.

ఆకాశంలో పోరాటాలు కళ్ళు తిప్పుకోనివ్వవు, ఒప్పుకుంటాను. విమానాలు కిందికి దిగాకే కథ చతికిలబడింది. ఒకడు తాగుతాడు, ఇంకొకడు ఎవరి మాటా వినడు, ఇటలీ అమ్మాయితో ప్రేమ. ముఖం మీద గాటున్న జర్మన్ పైలట్ విలన్. ఏ యుద్ధం సినిమాలోనైనా ఉండేవేగా ఇవన్నీ! కథ నేరుగా 1944లో ఇటలీలో మొదలైపోతుంది. మరి టస్కెగీ ఏదిరా?

వాళ్ళ కమాండర్ బెంజమిన్ డేవిస్ జూనియర్ సంగతే తీసుకో. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో నాలుగేళ్ళు తోటి క్యాడెట్లు ఆయనతో పనిబడితే తప్ప మాట్లాడలేదు. గదిలో ఒక్కడే, భోజనం దగ్గరా ఒక్కడే. అయినా 1936లో పాసై బయటికొచ్చాడు. పైలట్‌ని అవుతానంటే నల్లవాళ్ళకి స్క్వాడ్రనే లేదు పొమ్మన్నారు. చివరికి పైలటూ, కమాండరూ అయ్యాక, 1943లో ఆయన పైలట్లకి ధైర్యం చాలదని పైఅధికారి రిపోర్టు రాస్తే, వాషింగ్టన్ వెళ్ళి కమిటీ ముందు నిలబడి జవాబు చెప్పుకున్నాడు. ఇంత మనిషి ఉండగా సినిమాలో ఆయన పేరే లేదు. వేరే పేరుతో ఒక కల్పిత కల్నల్‌ని పెట్టారు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఆఫీసర్స్ క్లబ్ వ్యవహారం. మనవాళ్ళు బాంబర్లని కాపాడారని తెల్ల పైలట్లు క్లబ్‌కి పిలిచి మందు పోయిస్తారు, అందరూ కలిసిపోతారు. నిజంగా ఏం జరిగిందో చూడు. 1945 ఏప్రిల్, అమెరికాలోనే ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్ వైమానిక స్థావరం. టస్కెగీ నుంచి వచ్చిన వాళ్ళే, బాంబర్ దళంలో ఉన్న నల్లజాతి ఆఫీసర్లు. వాళ్ళందరికీ 'ట్రైనీలు' అని ముద్ర వేసి, తెల్లవాళ్ళ క్లబ్‌లోకి రావద్దన్నారు. వీళ్ళు వెళ్ళారు. అరెస్టు చేశారు. ఆ రూలు చదివి అర్థం చేసుకున్నామని సంతకం పెట్టమంటే 101 మంది పెట్టలేదు. యుద్ధకాలంలో పైఅధికారి ఆజ్ఞ కాదంటే మరణశిక్ష కూడా పడొచ్చని తెలిసీ పెట్టలేదు! ఈ గొడవలోనే రోజర్ టెర్రీ అనే ఆఫీసర్‌కి పడిన శిక్షని వైమానిక దళం రద్దు చేసింది 1995లో. యాభై ఏళ్ళు పట్టిందిరా.

నా బెంగ ఏమిటంటే, ఇంత డబ్బు పెట్టి తీసిన సినిమా చూసినవాళ్ళు, బాగా పోరాడితే చాలు ఎదుటివాళ్ళ మనసు మారిపోతుంది అనుకుని ఇంటికెళ్తారు. వీళ్ళ కాపలాలో ఒక్క బాంబర్ కూడా పోలేదని చాలాకాలం చెప్పుకున్నారు. రికార్డులు తిరగేస్తే 27 పోయాయని తేలింది. వాళ్ళ గొప్పతనం తగ్గిందా? తోటి దళాలు సగటున అంతకంటే ఎక్కువే పోగొట్టుకున్నాయి. అయినా మనిషిగా చూడటానికి ముందు ఈ లెక్కలెందుకు అడగాలి?

1995లోనే వీళ్ళ మీద ఒక టీవీ సినిమా వచ్చింది, 'ది టస్కెగీ ఎయిర్‌మెన్' అని. ట్రైనింగ్ నుంచీ చూపిస్తుంది. ముందు అది చూడు. ఇది కూడా చూస్తానంటే ఆపను, విమానాలంటే నీకున్న పిచ్చి నాకు తెలుసు. చూసి, ఆ క్లబ్ సీను దగ్గర నీకేమనిపించిందో తప్పకుండా రాయి.

నీ
శేఖర్