వార్షిక నివేదిక 2024–25: పెళ్లికి ముందే రక్తపరీక్ష

సభ్యులకు నమస్కారం.

చలివేంద్రం, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. ఆ లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బులైన తలసీమియా, సికిల్ సెల్ గురించి కావలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కాలేజీ పిల్లలతో పెట్టిన సమావేశాల సంగతి.

ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూప్ అయితే పెళ్లి చేసుకోకూడదంట కదా?" గ్రూపుకీ ఈ జబ్బులకీ సంబంధం లేదని చెప్పేసరికే సగం టైం అయిపోయేది. చూడాల్సింది హిమోగ్లోబిన్, అంటే ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే పదార్థం. సీబీసీలో (రక్తకణాలను లెక్కించే మామూలు పరీక్షలో) ఎర్రకణాల సైజు, అంటే ఎంసీవీ, తక్కువగా ఉంటే తలసీమియా ఉందేమోనని అనుమానించాలి. ఐరన్ లోపంలోనూ అది తగ్గుతుంది కాబట్టి, తేల్చుకోవడానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ చేయిస్తారు. అందులో కనిపించే ఒక రకం హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా (తలసీమియాలో ఒక రకం) క్యారియర్ కిందే లెక్క, అంటే తనకు జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని బిడ్డలకు అందించగల మనిషి. సికిల్ సెల్ క్యారియర్లు సీబీసీలో దొరక్కపోవచ్చు, వాళ్లకీ హెచ్‌పీఎల్‌సీయే దిక్కు. ఒకమ్మాయి "రక్తం తక్కువ" అని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతూ వచ్చింది. తీరా చూస్తే క్యారియర్.

క్యారియర్ అంటే రోగి కాదు. ఇద్దరూ క్యారియర్లయితేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డ బాగుంది కదా అని రెండోసారి ధీమాగా ఉండటానికి లేదు. తలసీమియా మేజర్ (జబ్బు తీవ్ర రూపం) ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దానివల్ల ఒంట్లో పేరుకునే ఐరన్ పోవడానికి మందులు వాడాలి. కాలేజీలకు సెలవులిచ్చే మే నెలలో రక్తదాతలు దొరకరు. అందుకే మన శిబిరం మేలోనే పెట్టాం. ఆ ఎండకి జనం పలచగానే వచ్చారనుకోండి.

మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి. ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం అక్కడ ఎక్కువ. అలాగని బయటి సంబంధానికి పరీక్ష అక్కర్లేదనుకోకూడదు.

"ఆడపిల్లకి టెస్టు చేయించామని తెలిస్తే ఏదో రోగముందనుకుంటారు, ఇక సంబంధాలేం వస్తాయి?" అని ఒక తల్లి ముఖం మీదే అడిగారు. ఆ భయం ఉత్తది కాదు. ఒక ల్యాబ్ వాళ్లు పరీక్ష చేయించుకున్న పిల్లల రిపోర్టులన్నీ కట్టగట్టి కాలేజీ ఆఫీసులో పడేసి పోయారు. వాళ్లతో పని మానేశాం. ఇప్పుడు సీలు వేసిన కవరు ఎవరిది వాళ్ల చేతికే అందుతోంది.

కార్యవర్గం మాట ఇదీ: శుభలేఖలు పంచాక టెస్టంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. అబ్బాయిలూ అమ్మాయిలూ డిగ్రీలో ఉండగానే చేయించుకోవాలి. ఇద్దరూ క్యారియర్లని తేలినా పెళ్లి మానుకోనక్కర్లేదు. గర్భం వచ్చాక 11వ వారం నుంచి పిండానికి పరీక్ష చేయించుకోవచ్చు, డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

వచ్చే ఏడాది ఆత్మకూరు వైపు కూడా వెళ్దామనుకుంటున్నాం. దానికంటే ముందు కార్యవర్గ సభ్యుల పిల్లలకే పరీక్షలు చేయించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం.

— కార్యదర్శి