కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీళ్లు: ప్రధానోపాధ్యాయుడి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం ఉదయం కెమిస్ట్రీ ల్యాబ్‌లో మడమ లోతు నీళ్లు నిలిచిన మాట నిజమే. యాసిడ్ పొంగిందనీ, ఏదో పేలిందనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నవి మాత్రం నిజం కాదు. లోపల ఎవరూ లేరు, ఎవరికీ ఏమీ కాలేదు. శనివారం నీళ్లు రాని సమయంలో ఎవరో కుళాయి తిప్పి, అలాగే వదిలేశారు. రాత్రి నీళ్లు వచ్చాయి. సింకు జాలీకి ఫిల్టర్ పేపర్ ముక్కలు అడ్డుపడి నేలంతా పారాయి.

ల్యాబ్‌లో నీళ్లంటే తుడిచేస్తే తీరిపోయే సంగతి కాదు. కిరోసిన్‌లో ఉంచే సోడియానికి నీళ్లు తగిలితే మంట లేస్తుంది. కాల్షియం కార్బైడ్ తడిస్తే ఎసిటిలీన్ వస్తుంది, అదీ మండే వాయువే. అందుకే ఆ సీసాలు నేలకు ఎడంగా, బీరువాలో ఉంటాయి. ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌కు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టాల విషయంలోనూ నేను ఎంత పట్టుబడతానో మా టీచర్లకు తెలుసు. రాత్రి వాడకం తగ్గి పైపుల్లో ప్రెషర్ పెరుగుతుంది, సాయంత్రం గట్టిగా కనిపించిన గొట్టమే అర్ధరాత్రి ఊడిపోతుంది. కాబట్టి రెండు చివర్లా క్లిప్పు ఉండాలి, పగుళ్లిచ్చిన రబ్బరు పారేయాలి, తాళం వేసేముందు మెయిన్ వాల్వ్ కట్టేయాలి. ఇప్పుడు తలుపు పక్కనే బాల్ వాల్వ్ పెట్టించాం, పావు చుట్టు తిప్పితే చాలు.

మంగళవారం తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు ఒక సబ్బు డబ్బా పట్టుకుని నా గదికి వచ్చారు. అందులో రెండు రాగి తీగలు, ట్రాన్సిస్టర్, బ్యాటరీ, బజర్. తీగల కొసల దగ్గర చెంచాడు నీళ్లు పోయగానే మోగింది! కుళాయి నీళ్లలో లవణాలుంటాయి కాబట్టి కొద్దిగా కరెంటు పారుతుందనీ, అది బజర్‌కు చాలదు కనుక ట్రాన్సిస్టర్ పెట్టామనీ వివరించారు. రాత్రిపూట ఎవరికి వినిపిస్తుందని అడిగాను. "బజర్ వాచ్‌మన్ గదిలో పెట్టి, వైరు లాగుదాం సార్" అన్నారు తడుముకోకుండా. ఆ వైరు నిన్ననే లాగించాం. ఇలాంటి పిల్లల్ని మా బడికి పంపినందుకు ఆ తల్లిదండ్రులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇక మీతో ఒక మాట. నీళ్లు వచ్చినప్పుడు చప్పుడుకు తెలుస్తుందని కుళాయి తెరిచే ఉంచడం ఇంట్లో అలవాటేనని చాలామంది పిల్లలు చెప్పారు. మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో అలవాటైన చెయ్యే ల్యాబ్‌లోనూ కుళాయి తిప్పుతుంది. నీళ్లు రాకపోయినా కట్టేయమని దయచేసి చెప్పండి, మీరూ కట్టేయండి. మా వాడిచేత జాలీ కడిగిస్తారా అని ఫోన్ చేసినవారికి సవినయంగా చెబుతున్నాను: ప్రాక్టికల్ చేసినవారే జాలీ శుభ్రం చేస్తారు, ఇకముందూ అంతే.

యూనిట్ పరీక్షలు వచ్చే సోమవారం నుంచి. ఐడీ కార్డు ఫొటోలు ఇంకా ఇవ్వనివారు ఇవ్వాలి. ల్యాబ్ గురువారం తెరుస్తాం, ఏప్రన్ మరవొద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు