మంచు అన్నారు గానీ, గడ్డ అని చెప్పలేదు

సంపాదకులకు,

చలికాలం మొదలయ్యేసరికి ఆదివారం అనుబంధాల్లో కొత్త జంటల కోసం మంచు విహారాల వ్యాసాలు వరసకడతాయి. గుల్మార్గ్, ఔలీ, కాస్త స్తోమత ఉంటే స్విట్జర్లాండ్, అమెరికాలో అక్కో అన్నయ్యో ఉంటే వెర్మాంట్. ఏ కోటు కొనాలో, ఏ మలుపులో ఫొటో దిగాలో చెబుతారు. కింద పడ్డా దూది మీద పడ్డట్టే ఉంటుందని కూడా రాస్తారు. చిక్కంతా అక్కడే. పొద్దున్నే పొలం మీద పరుచుకునేదాన్నీ, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదాన్నీ, కొండ మీద రాలేదాన్నీ మనం మంచు అనే అంటాం. స్కీయింగ్, అంటే కాళ్ళకు పొడవాటి పలకలు (స్కీలు) తగిలించుకుని మంచు వాలు మీద జారడం, చేసేవాళ్ళకు ఆ తేడాలే ముఖ్యం. న్యూజెర్సీ, బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు వారాంతానికి కారెక్కి వెళ్ళే హంటర్, కిల్లింగ్టన్, లూన్, స్టో కొండల మీద చాలా రోజులు కాలి కింద దొరికేది దూది కాదు, నీళ్ళు చల్లిన నాపరాయి గచ్చు.

అక్కడి కొండలు మరీ ఎత్తు కావు. వెర్మాంట్‌లో అన్నిటికంటే ఎత్తయిన మాన్స్‌ఫీల్డ్ కూడా 1,339 మీటర్లే. అందువల్ల నడి జనవరిలో కూడా మంచుకు బదులు వాన పడే రోజులుంటాయి. వాన వెలిసిన రాత్రే చలిగాలి తిరిగి మైనస్ పదికి దిగిందంటే, తడిసిన మంచంతా ఒకే పలకగా బిగుసుకుంటుంది. దానికి తోడు యంత్రాలతో చల్లే మంచు ఒకటి. దాని గింజ చిన్నది, బరువెక్కువ. వేలమంది స్కీల కింద నలిగేకొద్దీ అద్దంలా తేలుతుంది. పందేలవాళ్ళకు మాత్రం ఇదే కావాలి. 2016 నుంచి కిల్లింగ్టన్‌లో ప్రపంచ కప్పు మహిళల పందేలు నడిచాయి. అలాంటి పందేలకు బాట గట్టిపడేందుకు నీళ్ళు ఎక్కించి మరీ గడ్డ కట్టిస్తారు, చివర దిగేవారికి కూడా మొదట దిగినవారి బాటే దక్కాలని. కానీ వాళ్ళ స్కీల అంచు క్షౌరకత్తి. అద్దెకు తెచ్చుకున్న మన స్కీల అంచు మొద్దుబారిన కత్తిపీట.

బయల్దేరే ముందు రిసార్టు ఇచ్చే మంచు నివేదిక చదవాలి. రిసార్టులు తమ నోటితో తాము ‘ఐస్’ అనడం అరుదు. ‘ఫ్రోజెన్ గ్రాన్యులర్’ అంటే తడిసి మళ్ళీ గడ్డకట్టిన కల్లుప్పు. ‘ఫర్మ్’ అంటే గట్టి నేల. ‘వేరియబుల్’ అని కనిపిస్తే పైన గడ్డ, మధ్యలో రవ్వ, కింద బురద అని అర్థం చేసుకోండి. ఆ మాటల కంటే గత రెండు రోజుల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వాన పడిందా లేదా అన్నదే ఎక్కువ నిజం చెబుతుంది.

ఈ వ్యాసాల్లో ఎక్కడా కనిపించని విషయం ఒకటుంది. గడ్డ రోజులు రెండు రకాలు, రెంటి వేళలూ తలకిందులు. రాత్రి గడ్డకట్టి పగలు ఎండకాసి సున్నా దాటే రోజైతే, మార్చిలో ఎక్కువగా ఇంతే, పొద్దున ఎనిమిదింటికి కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టు దగ్గర నిలబడి లాభం లేదు. పదిన్నర దాకా కాఫీ తాగండి. ముందు తూర్పు ముఖం వాలు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. పైన రెండు మూడు సెంటీమీటర్లు బొంబాయి రవ్వలా విడిపోయిన గంట, గంటన్నరే బంగారు సమయం. ఉత్తరపు వాలు, చెట్ల నీడ పడే బాట రోజంతా రాయే. అదే రోజంతా మైనస్‌లోనే ఉండి మబ్బు పట్టిందనుకోండి, మెత్తబడుతుందని ఎదురుచూసినకొద్దీ నష్టం. రాత్రి బాట చదునుచేసే యంత్రం దున్ని వదిలిన గీతల మంచు పొద్దున మొదటి రెండు గంటలే పట్టునిస్తుంది. జనం దాన్ని గీకి పక్కలకు నెట్టేశాక మిగిలేది అడుగున ఉన్న పలక. అలాంటి రోజు తొందరగా వెళ్ళి భోజనాల వేళకే ముగించడం మేలు. ఇంకో సంగతి, తడి మంచు గడ్డకట్టాక దున్నితే అది పొడి కాదు, గట్టి ఉండలవుతుంది. అక్కడివాళ్ళు వాటిని ‘డెత్ కుకీలు’ అంటారు. బిస్కెట్ల పేరే, తినేవి మాత్రం కావు.

ఇక అద్దె దుకాణం. అక్కడ నింపే కాగితంలో బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం అడుగుతారు. బూటు అడుగు పొడవు వాళ్ళే చూసుకుంటారు. ఈ లెక్కలతోనే, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి బూటును వదలాలో బిగిస్తారు. బరువు పౌండ్లలో అడిగితే 70 కిలోల మనిషి 154 రాయాలి. 70 అనే రాసేస్తే మలుపు మధ్యలోనే స్కీ ఊడిపోతుంది. భార్య ముందు చిన్నబోవడం ఇష్టం లేక నైపుణ్యం ఒక మెట్టు ఎక్కువ రాస్తే దానికి వ్యతిరేకం, పడ్డప్పుడు స్కీ వదలదు, మోకాలు తిరుగుతుంది. ఇద్దరికీ ఒకే రంగు, ఒకే మోడల్ స్కీలు ఇస్తుంటారు. మధ్యాహ్నం తిండి తినొచ్చి ఒకరివి ఒకరు తగిలించుకున్నారంటే ఆ బిగింపు లెక్కలన్నీ తారుమారే. అతికించిన నంబరు చూసుకోండి, లేదా ఒక జతకు రంగు టేపు చుట్టండి.

స్కీ చేతికివ్వగానే అంచు పరీక్షించాలి. బొటనవేలి గోరు చదునును అంచు మీద అడ్డంగా గీకితే సన్నగా గోరు పొడి రాలాలి. రాలకపోతే ఆ అంచు గడ్డను పట్టదు. మార్చమనండి, లేదా పదును పెట్టమనండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. వెడల్పు కూడా చూడండి. మధ్య నడుము 70 నుంచి 80 మిల్లీమీటర్లున్నది ఇలాంటి రోజుకు సరి. వంద దాటినవి లోతైన పొడి మంచుకు చేసినవి, గడ్డ మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిరగడానికి బద్ధకిస్తాయి. బూటులో సన్నటి మేజోడు ఒక్కటే వేయాలి. చలని రెండు వేస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకు తగలాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి జరగాలి. స్కీ ఎక్కేముందు బూటు అడుగున అంటుకున్న మంచు పూర్తిగా గీకేయాలి. చిన్న ఉండ ఇరుక్కున్నా ‘టక్’మని చప్పుడొస్తుంది గానీ పూర్తిగా పట్టదు, మొదటి గతుకులోనే ఊడుతుంది.

వాలు మీద చూపు ఎప్పుడూ మూడు నాలుగు మలుపుల ముందుండాలి. పాలిపోయిన తెలుపు మంచు, బూడిదరంగు లేక నీలం తిరిగిన మెరుపు గడ్డ. చెవితో కూడా తెలుస్తుంది. ముందు పోయేవాళ్ళ స్కీలు రేకు మీద గరిటె గీకినట్టు బరబరమంటే అక్కడ రాయే. మబ్బు రోజు నీడలు పడవు, గతుకులు కనిపించవు. అప్పుడు పసుపు లేక గులాబీ రంగు కళ్ళజోడు అద్దం వాడాలి, చెట్లు కనిపించే బాటలు ఎంచుకోవాలి. మంచు చల్లే యంత్రాలు నడుస్తున్న చోట కొత్తగా పడ్డ తడి మంచు స్కీని ఉన్నట్టుండి పట్టి ఆపుతుంది, ఒళ్ళు ముందుకు తూలుతుంది. మెత్తని చోటు నుంచి గడ్డ మీదికి వచ్చినప్పుడు దీనికి తలకిందులు, స్కీలు ముందుకు దూకుతాయి, మనిషి వెనకబడతాడు. అందుకే గడ్డ రాబోయే ముందు మోకాలి కింది ముందెముకను బూటు నాలుకకు ఒత్తి ఉంచాలి, చేతులు ముందుండాలి.

చాలామంది జారేది ఆగుదామన్న ప్రయత్నంలోనే. మొదటి పాఠంలో నేర్పే ‘పిజ్జా’, అంటే ముందు కొనలు కలిపి వెనక విప్పే పద్ధతి, మెత్తని మంచు మీద బ్రేకు. గడ్డ మీద ఆ పద్ధతి ఒంటి బరువును రెండు అంచులకు సగం సగం పంచుతుంది, ఏదీ దిగదు. కావలసింది బరువంతా ఒక అంచు మీద, అదీ మలుపులో బయటి వైపు స్కీ మీద. మోకాలు, తుంటి కొండ వైపు వాలాలి, భుజాలు లోయ వైపే ఉండాలి. జారిపోతామన్న భయంతో ఒళ్ళంతా కొండ వైపు వాలిస్తే బరువు లోపలి కాలికి మారి, పట్టు దొరకాల్సిన అంచు తేలిపోతుంది. ఒత్తిడి పెంచడం కూడా నెమ్మదిగానే. ఒక్కసారి తొక్కితే అంచు తెగి జారుతుంది, మెల్లగా వేస్తే కరుస్తుంది.

బల్లపరుపు గడ్డ పలక ఒకటి రెండు గజాలుంటే దాని మీద ఏమీ చేయకండి. మలుపూ వద్దు, బ్రేకూ వద్దు. స్కీలు సమంగా ఉంచి దాటి, అవతలి రవ్వ మంచులో తిరగండి. జనం గీకేసిన రవ్వ బాట పక్కల చేరుతుంది, పట్టు అక్కడే దొరుకుతుంది. చెట్లూ అక్కడే ఉంటాయి కాబట్టి వేగం తగ్గించి మాత్రమే. మరీ నిటారుగా ఉన్న చోట స్కీలు వాలుకు అడ్డంగా పెట్టి, అంచులు కొద్దికొద్దిగా వదులుతూ పక్కవాటుగా జారి దిగడం నామోషీ కాదు. మొదటి రోజే చదునైన చోట ఇది నేర్చుకున్నవాళ్ళకు ఎలాంటి వాలు దగ్గరైనా కిందికి ఒక దారి ఉన్నట్టే.

పడితే చేతులు వెనక్కి ఆనించొద్దు. చేతికర్ర (పోల్) పట్టీ మణికట్టుకు చుట్టుకోవద్దు, పడ్డప్పుడు బొటనవేలి కీలు దగ్గరి స్నాయువు తెగే ప్రమాదం ఉంది. జారుతూ ఉండగా లేవబోతే మోకాలు పోతుంది. ముందు కాళ్ళను కిందికి తిప్పి స్కీలు అడ్డంగా పెట్టాలి. స్కీలు ఊడిపోతే బోర్లా తిరిగి, చేతులతో ఒంటిని పైకెత్తి, బూటు కొనలతో నేల గుచ్చాలి. నున్నటి కోటు, నున్నటి ప్యాంటు గడ్డ మీద పరుపు లేని జారుడుబండ, క్షణాల్లో వేగం అందుకుంటుంది. హెల్మెట్ ఉన్నా తలకు దెబ్బ తగిలితే ‘ఏం కాలేదు’ అని లేచి నడవకూడదు. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలోని మోన్ ట్రెంబ్లాంలో, నేర్చుకునేవాళ్ళ వాలు మీదే, హెల్మెట్ లేకుండా పడ్డారు. మొదట మామూలుగానే మాట్లాడారు, వైద్యం వద్దన్నారు. రెండు రోజులకు చనిపోయారు.

జంట సంగతికి వద్దాం. భర్త భార్యకు, భార్య భర్తకు కొండ మీద పాఠం చెప్పకూడదు. కారు నేర్పినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుంటే చాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు పాఠం, అద్దె సామాను, కింది లిఫ్టు టికెట్టు కలిపి ఇచ్చే ప్యాకేజీలు చాలా చోట్ల ఉంటాయి, అదే కొనండి. బాట రంగు ఇద్దరిలో తక్కువ వచ్చినవారిని బట్టి ఎంచాలి, గడ్డ రోజైతే అంతకంటే ఒక మెట్టు కిందికి. తేలిక నుంచి కష్టానికి వరసగా ఉండే ఆకుపచ్చ వృత్తం, నీలం చదరం, నల్ల డైమండ్ గుర్తులు ఆ కొండలోని బాటల మధ్య పోలిక మాత్రమే, ఒక కొండ నీలం ఇంకో కొండ నలుపుతో సమానం కావచ్చు. బాగా వచ్చినవారు వంద గజాలు ముందు దిగి, పైనుంచి వచ్చేవారికి కనిపించే చోట, బాట పక్కకు ఆగాలి. సరిగ్గా కింద నిలబడితే జారివచ్చినవారు ఇద్దరినీ పడేస్తారు. ముందున్నవారిని తప్పించే బాధ్యత వెనక వచ్చేవారిదే, అది కొండ నియమం. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. అందుకే ఏ లిఫ్టు కింద ఎన్నింటికి కలవాలో పొద్దున్నే అనుకోవాలి. మైనస్ 15కు గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసేది మైనస్ 27. పది నిమిషాల లిఫ్టు ప్రయాణంలో ఒకరి ముక్కు, చెంపలు ఒకరు చూసుకోండి. పాలిపోయి తెల్లబడితే వెంటనే లోపలికి.

పైకి వెళ్ళాక ఇద్దరిలో ఎవరికి కాళ్ళు వణికినా దిగడానికి వేరే దారులున్నాయి. గండోలా, అంటే తీగ మీద నడిచే మూసిన పెట్టె, ఉన్న చోట అడిగితే దానిలోనే కిందికి తెస్తారు. కుర్చీ లిఫ్టైతే పైనున్న ఉద్యోగిని అడగాలి, లేదా ఎర్ర కోటు మీద తెల్ల శిలువ గుర్తున్న స్కీ పట్రోల్ (కొండ మీది సహాయ దళం) వాళ్ళను పిలవాలి, అది వాళ్ళ పనే. గుల్మార్గ్‌లో గండోలా రెండో దశ ఎక్కి అఫర్వాట్ కొండ మీదికి వెళ్ళే మన పర్యాటకులకు కూడా ఇది వర్తిస్తుంది. పైన బాటలు దున్ని ఉండవు, హిమపాతాల ప్రమాదం వేరే ఉంది. తొలిసారి వెళ్ళినవాళ్ళు కింది చదును దాటకపోవడమే మంచిది.

ఇకపై వచ్చే వ్యాసాల్లో కోటు రంగుల పక్కన గోరు పరీక్షకు రెండు వాక్యాలు, వేళలకు నాలుగు వాక్యాలు చోటివ్వమని మనవి. స్కీలు సొంతవైనవాళ్ళకు ఒక్క మాట. కారు మీద కట్టి తెచ్చేటప్పుడు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్ళు చిందిన అంచులు ఒక్క రాత్రిలో తుప్పు పడతాయి. ఇల్లు చేరగానే, అన్నం తినకముందే, పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు, బోస్టన్