శిక్ష సంతకం పెట్టినవారికి పడాలి

సంపాదకులకు,

ఇంటర్‌కాలేజ్ ఫుట్‌బాల్‌లో అర్హత లేని కుర్రాణ్ని ఆడించారని తేలితే మన దగ్గర సాధారణంగా జట్టు మొత్తాన్నీ తప్పించి చేతులు దులుపుకుంటారు. తప్పు తెలియని మిగతా పిల్లల ఏడాది కష్టం, సర్టిఫికెట్లు గంగపాలు. ఎలిజిబిలిటీ ఫారం మీద సంతకం పెట్టిన పెద్దలకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కూ ఇదే తలనొప్పి. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అది, మనది కాదు. దొంగదారులు మాత్రం మనం ఎరిగినవే. ఆటగాళ్లకు చాటుగా డబ్బులిస్తూ పదేపదే దొరికిన డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి 1987 సీజన్ మొత్తాన్నీ అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రద్దు చేసింది. 55 స్కాలర్‌షిప్పులు కోసేసింది. మరుసటి ఏడు జట్టు కూర్చలేక యూనివర్సిటీయే ఆట మానుకుంది. సీజన్ చివర ఎంపికైన జట్లు ఆడే బౌల్ మ్యాచ్ మళ్లీ ఒకటి ఆడేసరికి 2009 వచ్చింది. అంత పెద్ద శిక్షను ఆ స్థాయి ఫుట్‌బాల్ జట్టు మీద ఎన్‌సీఏఏ మళ్లీ ప్రయోగించలేదు.

2010లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విషయంలో ఇంకో తిరకాసు. చాటుగా సొమ్ము అందుకున్న ఆటగాడు రెజీ బుష్ 2006లోనే ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయాడు. రెండేళ్ల బౌల్ నిషేధం మోసింది అతని తర్వాత చేరిన కుర్రాళ్లు.

సంబంధం లేని ఆటగాళ్ల మీద వీలైనంత వరకు శిక్ష పడకూడదని 2022లో ఎన్‌సీఏఏ తన నియమావళిలోనే రాసుకుంది. 2023లో టెనెసీ యూనివర్సిటీకి 80 లక్షల డాలర్ల జరిమానా, 28 స్కాలర్‌షిప్పుల కోత వేసినా బౌల్ నిషేధం పెట్టలేదు. కోచ్ జెరెమీ ప్రూట్‌కు మాత్రం ఆరేళ్ల షోకాజ్ తగిలించింది. ఇది మన ఆఫీసుల్లో ఇచ్చే సంజాయిషీ నోటీసు లాంటిది కాదు. ఆ ఆరేళ్లలో అతన్ని పెట్టుకున్న ఏ కాలేజీ అయినా తనకెందుకు శిక్ష వేయకూడదో చెప్పుకోవాలి. శిక్ష మనిషి వెంటే నడుస్తుంది.

మనకు కావలసింది ఇదే. దొంగ అర్హత ఫారం మీద సంతకం పెట్టిన ఫిజికల్ డైరెక్టర్ రెండేళ్లు ఏ కాలేజీ తరఫునా జట్టును దించకూడదు. జరిమానా కాలేజీ క్రీడల బడ్జెట్‌లో ఇంత శాతమని ఉండాలి. అందరికీ ఒకే మొత్తమంటే పెద్ద కాలేజీలకు అది టీ ఖర్చు. 2025లో మిషిగన్ యూనివర్సిటీకి ఎన్‌సీఏఏ వేసిన జరిమానాలో ఫుట్‌బాల్ బడ్జెట్‌లో 10 శాతం కూడా ఉంది.

మనవి నాకౌట్ పోటీలు, మ్యాచ్ పోతే జట్టు ఇంటికే కదా అంటారు. నిజమే. మోసపోయిన ప్రత్యర్థికి ఆ మ్యాచ్ ఇవ్వక తప్పదు. కనుక పరిశీలన ముందే జరగాలి. టెన్త్ మెమో, అడ్మిషన్ రసీదు, హాజరు పట్టీ జతచేసి ఆటగాళ్ల జాబితాను వారం ముందు అన్ని కాలేజీలకూ పంపితే, అభ్యంతరాలు మొదటి విజిల్‌కు ముందే తేలిపోతాయి. ఆటల సీజన్‌కు ముందు సీటు తీసుకుని, క్లాసు ముఖం చూడని క్లబ్ ఆటగాడు హాజరు పట్టీ దగ్గరే దొరుకుతాడు. అప్పటికీ తప్పించుకుని తర్వాత పట్టుబడితే, అతణ్ని తీసేసి మిగతావారిని యూనివర్సిటీ సెలక్షన్లకు యథాతథంగా రానివ్వాలి.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్